స్పీకర్ కేబుల్‌కు జాయింట్ వేస్తే సౌండ్ పోతుందా? కొత్త కేబుల్ కొనే ముందు తెలుసుకోవాల్సిన లెక్క

కొత్తగూడెం: మా మామూ పదకొండేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చారు. వస్తూ వస్తూ ఇష్టపడి ఒక జత మంచి స్పీకర్లు, వాటికి తగ్గట్టు మీటరు వేల రూపాయల ఖరీదు చేసే మందపాటి కేబుల్ తెచ్చుకున్నారు. ఒక్కో స్పీకర్‌కు 3 మీటర్లు. ఇక్కడ కొత్త ఇంటి హాల్లో టీవీ ఒక గోడకు, కుడి స్పీకర్ పెట్టాల్సిన మూల ఇంకో వైపు. తలుపు చుట్టూ గోడ వెంబడి తిప్పితే 7 మీటర్ల వైరు కావాలి. అంటే 4 మీటర్లు తక్కువ.

"భాయ్, ఇలాంటి కేబుల్‌కు జాయింట్ వేస్తే సౌండ్ మొత్తం పోతది. కొత్త జత తెప్పించుకోండి" అన్నాడు ఒక షాపాయన. ఆయన చెప్పిన రేటు స్పీకర్ల ధరలో సగం ఉంది. దాంతో మూడు వారాలు స్పీకర్లు డబ్బాలోనే ఉండిపోయాయి. "నువ్వు వార్తలు రాసేటోడివి కదా, నిజం ఏందో కనుక్కో" అన్నారు మామూ.

సరిగ్గా అదే సమయంలో మా గల్లీ మసీదు కమిటీలో ఇంకో చర్చ నడుస్తోంది. చివరి హారన్ నుంచి మాట సరిగా వినపడటం లేదు, పెద్ద ఆంప్లిఫయర్ కొనాలి, చందా వేద్దాం అని. ఒకటి ఇంటి సరదా, ఇంకోటి నలుగురి డబ్బు. కానీ రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: వైరు పొడవు పెరిగితే, మధ్యలో అతుకు పడితే, సౌండ్‌కు నిజంగా ఏమవుతుంది?

నేను కామర్స్ చదివినవాణ్ని, సౌండ్ ఇంజనీరును కాను. అయితే ఇది గుణకారం, భాగహారం వస్తే తేలిపోయే లెక్కే.

వైరు చేసే పని ఏమిటి?

ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు వెళ్లేది కరెంటే. ఆ కరెంటు వైరులో వెళ్లేటప్పుడు రాగి కొంత అడ్డుపడుతుంది. దాన్నే రెసిస్టెన్స్ అంటాం, ఓమ్‌లలో కొలుస్తాం. వైరు ఎంత పొడవైతే రెసిస్టెన్స్ అంత ఎక్కువ, ఎంత లావైతే అంత తక్కువ. పైపులో నీళ్లలాగే అన్నమాట.

సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మనది. గనుల్లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఎవరినైనా అడగండి. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ చివర ఉన్న మోటారు దగ్గర వోల్టేజీ పడిపోతుందని, అందుకే లావు కేబుల్ వేస్తారని చెబుతారు. స్పీకర్ వైరుకు కూడా ఇదే సూత్రం. కొత్త సైన్సేమీ లేదు.

ఇంట్లో వాడే స్పీకర్ల మీద సాధారణంగా 4, 6 లేదా 8 ఓమ్ అని రాసి ఉంటుంది. వైరు రెసిస్టెన్స్ ఈ అంకెలో 5 శాతం దాటకుండా చూసుకుంటే చాలన్నది ఆడియో రంగంలో చాలాకాలంగా వాడుతున్న కొలత. అంటే 8 ఓమ్ స్పీకర్‌కు 0.4 ఓమ్, 6 ఓమ్‌కు 0.3, 4 ఓమ్‌కు 0.2. ఆ హద్దు దగ్గర కూడా తగ్గే సౌండ్ 0.4 డెసిబెల్ మాత్రమే. పాట వింటూ కూర్చున్న మనిషి 1 డెసిబెల్ తేడానే అతి కష్టం మీద పట్టగలడు.

ఇంట్లోనే వేసుకునే లెక్క

స్వచ్ఛమైన రాగి వైరు అయితే ఈ సూత్రం సరిపోతుంది. వైరు పొడవును మీటర్లలో తీసుకుని 0.035తో గుణించండి, వచ్చినదాన్ని వైరు మందంతో, అంటే స్క్వేర్ ఎంఎంతో భాగించండి. వచ్చేదే ఓమ్‌లలో రెసిస్టెన్స్. కరెంటు వెళ్లే తీగ, తిరిగి వచ్చే తీగ రెండూ ఇందులో కలిసే ఉన్నాయి.

ఉదాహరణకు 10 మీటర్ల దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు అనుకుందాం. 10ని 0.035తో గుణిస్తే 0.35. దాన్ని 1.5తో భాగిస్తే 0.23 ఓమ్. 8 ఓమ్ స్పీకర్‌కు ఇది 3 శాతం లోపే, హాయిగా సరిపోతుంది. అదే 4 ఓమ్ స్పీకర్ అయితే హద్దు 0.2 కాబట్టి 2.5 వైరు తీసుకోవడం మంచిది.

మన ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే సైజుల ప్రకారం ఎంత దూరం వెళ్లొచ్చో చూడండి:

- 1 స్క్వేర్ ఎంఎం: 8 ఓమ్ స్పీకర్‌కు 11 మీటర్లు, 6 ఓమ్‌కు 8, 4 ఓమ్‌కు 5
- 1.5 స్క్వేర్ ఎంఎం: 8 ఓమ్‌కు 17 మీటర్లు, 6 ఓమ్‌కు 12, 4 ఓమ్‌కు 8
- 2.5 స్క్వేర్ ఎంఎం: 8 ఓమ్‌కు 28 మీటర్లు, 6 ఓమ్‌కు 21, 4 ఓమ్‌కు 14
- 4 స్క్వేర్ ఎంఎం: 8 ఓమ్‌కు 45 మీటర్లు, 6 ఓమ్‌కు 34, 4 ఓమ్‌కు 22

మామూ సంగతికి వద్దాం. ఆయన కేబుల్ 4 స్క్వేర్ ఎంఎం, 3 మీటర్లు: 0.026 ఓమ్. దానికి 4 మీటర్ల 2.5 స్క్వేర్ ఎంఎం మామూలు రాగి వైరు కలిపితే ఇంకో 0.056. మొత్తం 0.082 ఓమ్. ఆయన స్పీకర్ 8 ఓమ్. అంటే వైరు వాటా 1 శాతం. తగ్గే సౌండ్ ఒక డెసిబెల్‌లో పదో వంతు కన్నా తక్కువ. దాన్ని కొలవడానికి మీటర్లున్నాయి గానీ పాట వింటూ పట్టే చెవి మాత్రం లేదు.

మరి జాయింట్?

"పొడవు సరే, అతుకు సంగతేంటి?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అసలు విషయం ఏమిటంటే, ఏ సిస్టమ్‌లోనైనా జాయింట్లు ముందే ఉన్నాయి. ఆంప్లిఫయర్ వెనక టెర్మినల్ ఒక జాయింట్, స్పీకర్ వెనక ఇంకోటి, స్పీకర్ డబ్బా లోపల సోల్డరింగ్ చేసిన చోట్లు మరికొన్ని. శుభ్రంగా, గట్టిగా వేసిన జాయింట్ రెసిస్టెన్స్ ఓమ్‌లో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. లెక్కలోకి రాదు.

చెడ్డ జాయింట్ కథ వేరు. రెండు తీగలు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేసి వదిలేస్తే మొదటి రోజు బాగానే ఉంటుంది. మన దగ్గర వానాకాలం తేమ, ఎండాకాలం వేడి, ఊరి దుమ్ము. టేపు జిగురు కారిపోతుంది, లోపల రాగికి చిలుము పడుతుంది, మెలిక వదులవుతుంది. అప్పుడు రెసిస్టెన్స్ పెరగడమే కాదు, స్థిరంగా ఉండదు. సౌండ్ గరగర అంటుంది, వస్తూ పోతూ ఉంటుంది. "జాయింట్ వేస్తే సౌండ్ పోతది" అన్న మాట ఇలాంటి జాయింట్లు చూసి పుట్టిందే. తప్పు జాయింట్‌ది కాదు, వేసిన తీరుది.

అంతకన్నా పెద్ద ప్రమాదం షార్ట్. ఒక్క తీగ పోగు పక్క తీగకు తగిలినా కొన్ని ఆంప్లిఫయర్లు కాలిపోతాయి. అందుకే జాయింట్ వేసేటప్పుడు ఇవి పాటించండి:

- ముందు ఆంప్లిఫయర్ ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి.
- తీగ పైతొడుగు తీసిన చోట రాగి మెరుస్తూ ఉండాలి. నల్లబడి ఉంటే ఆ ముక్క కత్తిరించేయండి.
- సోల్డరింగ్ గానీ, క్రింపింగ్ స్లీవ్ గానీ, స్క్రూ కనెక్టర్ గానీ వాడండి. ఒట్టి మెలిక, టేపు వద్దు.
- రెండు తీగల జాయింట్లు పక్కపక్కనే పడకుండా ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక వేయండి. అప్పుడు షార్ట్ భయం ఉండదు.
- పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. జాయింట్ చేతికి అందే చోట ఉంచండి, గోడలో పూడ్చేయొద్దు.
- ప్లస్ తీగను ప్లస్‌కే, మైనస్‌ను మైనస్‌కే కలపండి.

చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. పొడిగించేటప్పుడు ఒక స్పీకర్‌కు తీగలు తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు తోసేటప్పుడు ఇంకోటి వెనక్కి లాగుతుంది. బేస్ పలుచబడుతుంది, పాడేవారి గొంతు మధ్యలో నిలవకుండా చెదిరిపోతుంది. చాలామంది దీన్ని విని "చూశావా, కేబుల్ పొడిగిస్తే సౌండ్ పాడైంది" అంటారు. తీగలు మార్చి బిగిస్తే మళ్లీ మామూలే.

కేబుల్ నిజంగా సౌండ్‌ను మార్చేది ఎప్పుడు?

అసలు ఎప్పుడూ తేడా రాదని చెప్పడం కూడా తప్పే. స్పీకర్ మీద 8 ఓమ్ అని రాసినా అది అన్ని స్వరాల దగ్గరా 8 ఉండదు. కొన్నిచోట్ల 6కు దిగుతుంది, బేస్‌లో ఒకచోట 30 దాకా ఎక్కుతుంది. వైరు సన్నగా ఉండి 1.5 ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి. 6 ఓమ్ ఉన్న చోట దాదాపు 2 డెసిబెల్ తగ్గుతుంది, 30 ఉన్న చోట అర డెసిబెల్ కూడా తగ్గదు. అంటే కొన్ని స్వరాలు వెనక్కి పోయి కొన్ని ముందుకొస్తాయి. ఈ తేడా చెవికి తెలుస్తుంది. కాలింగ్ బెల్‌కు వాడే సన్నటి వైరుతో 20 మీటర్లు లాగితే జరిగేది ఇదే.

రెండోది నకిలీ రాగి. పైన ఎర్రగా రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే వైరు మార్కెట్లో చాలా ఉంది. దాని రెసిస్టెన్స్ అదే సైజు రాగికి ఒకటిన్నర రెట్లు పైనే. కత్తితో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అదే. చేతిలో పట్టుకుంటే బరువు కూడా తక్కువ. తప్పక వాడాల్సి వస్తే ఒక సైజు ఎక్కువ తీసుకోండి.

ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ అనే మాటలు కూడా షాపుల్లో వినిపిస్తాయి. జంటగా పక్కపక్కన నడిచే మామూలు వైరు 10 మీటర్లకు, మనిషి చెవికి అందే చిట్టచివరి 20,000 హెర్ట్జ్ దగ్గర ఇండక్టెన్స్ వల్ల తగ్గేది డెసిబెల్‌లో పదో వంతు లోపే. రెండు తీగలను దూరం దూరంగా విడదీసి పరచకపోతే చాలు.

"కుడి కేబుల్ 7 మీటర్లు, ఎడమది 3 మీటర్లే, ఒక సౌండ్ ఆలస్యంగా రాదా?" అని మామూ అడిగారు. రాదు. వైరులో సిగ్నల్ కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో పోతుంది. 4 మీటర్ల తేడా అంటే సెకనులో కోట్ల వంతుల్లో లెక్క. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే వెళుతుంది. మీరు సోఫాలో ఒక అంగుళం పక్కకు జరిగితే వచ్చే ఆలస్యం ఆ కేబుల్ తేడా కన్నా వేల రెట్లు ఎక్కువ.

ఖరీదైన కేబుల్ గొడవ ఎక్కడ మొదలైంది?

1970ల చివరి దాకా అమెరికాలో కూడా చాలామంది టేబుల్ ల్యాంపుకు వాడే మామూలు వైరునే స్పీకర్లకు వాడేవారు. నోయెల్ లీ అనే ఇంజనీరు పెట్టిన మాన్‌స్టర్ కేబుల్ లాంటి కంపెనీలు వచ్చాక కేబుల్ ఒక ప్రత్యేక సరుకు అయింది. ఆ తర్వాత ధరలకు హద్దు లేకుండా పోయింది.

1991లో ఫ్రెడ్ డేవిస్ అనే ఇంజనీరు ఆంప్లిఫయర్, కేబుల్, స్పీకర్ మూడూ కలిసి ఎలా ప్రవర్తిస్తాయో 12 రకాల కేబుళ్లతో కొలిచి ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ప్రచురించారు. కేబుళ్ల మధ్య కొలవగలిగిన తేడాలు ఉన్నాయి. ఆ తేడాలకు కారణాలు రెసిస్టెన్స్, ఇండక్టెన్స్ లాంటి మామూలు విద్యుత్ గుణాలే.

2007లో జేమ్స్ రాండీ అనే ప్రసిద్ధ అమెరికన్ మెజీషియన్ ఒక సవాలు విసిరారు. 7,250 డాలర్ల పియర్ అంజూ స్పీకర్ కేబుల్‌కూ, మామూలు ధర మాన్‌స్టర్ కేబుల్‌కూ తేడాను చూడకుండా, విని మాత్రమే చెప్పగలిగితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నారు. ఒక ఆడియో రచయిత ముందుకొచ్చారు గానీ కేబుల్ కంపెనీ తప్పుకుంది. చివరికి ఆ పరీక్ష జరగనే లేదు. దీంతో ఏదీ రుజువైనట్టు కాదు. కానీ అంత ధర పెట్టి కొనే ముందు మనం అడగాల్సిన ప్రశ్న మాత్రం తెలుస్తుంది: కళ్లు మూసుకుని వింటే తేడా చెప్పగలమా?

మన చెవి మనల్ని మోసం చేసే అవకాశం ఎక్కువ. ఖరీదు తెలిస్తే బాగున్నట్టే అనిపిస్తుంది. కాస్త గట్టిగా మోగినా మెరుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. ఏ కేబుల్ ఉందో తెలియకుండా, వాల్యూమ్ సమానంగా పెట్టి, ఇంట్లో పిల్లలతో మార్పించి ఓ పదిసార్లు వినండి. షాపులో కొనే ముందు కూడా ఇదే అడగండి.

మసీదు, గుడి, ఫంక్షన్ హాల్: దూరం ఎక్కువైతే పద్ధతి వేరు

ఇప్పుడు చందా విషయానికి వద్దాం. మసీదు మైకైనా, గుడి మైకైనా, చర్చి మైకైనా ఫిజిక్స్ ఒకటే. దూరం 100 మీటర్లు అయినప్పుడు 8 ఓమ్ లెక్క పనికిరాదు. 1 స్క్వేర్ ఎంఎం వైరు 100 మీటర్లకు 3.5 ఓమ్ వస్తుంది. 8 ఓమ్ హారన్‌కు ఆ వైరు వేస్తే, దానికి అందాల్సిన పవర్‌లో సగం కూడా అందదు.

అందుకే పెద్ద ఆంప్లిఫయర్ల వెనక 4, 8, 16 ఓమ్‌తో పాటు 70 వోల్ట్, 100 వోల్ట్ అని కూడా పాయింట్లు ఉంటాయి. 100 వోల్ట్ లైన్ వాడి, ప్రతి హారన్ దగ్గర లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 30 వాట్ల హారన్ ఆ లైనుకు 333 ఓమ్‌లా కనిపిస్తుంది. అప్పుడు అదే 100 మీటర్ల వైరులో పోయే పవర్ సుమారు 1 శాతమే. పక్కనే పాల్వంచలో కేటీపీఎస్ కరెంటును దూరాలకు 220, 400 కిలోవోల్ట్‌లకు పెంచి ఎందుకు పంపుతుందో ఇక్కడ 100 వోల్ట్ లైన్ కూడా అందుకే. వోల్టేజీ పెంచితే కరెంటు తగ్గుతుంది, దారిలో నష్టం తగ్గుతుంది.

జాగ్రత్తలు మూడు. ట్రాన్స్‌ఫార్మర్ లేని 8 ఓమ్ స్పీకర్‌ను నేరుగా 100 వోల్ట్ పాయింట్‌కు కలపొద్దు. అన్ని హారన్ల వాట్లు కూడితే ఆంప్లిఫయర్ వాట్లను దాటకూడదు, కొంత మిగులు ఉండాలి. 100 వోల్ట్ లైన్ షాక్ కొడుతుంది కాబట్టి జాయింట్లు తెరిచి వదలొద్దు. అలాగే నాలుగు 8 ఓమ్ స్పీకర్లను సమాంతరంగా కలిపితే 2 ఓమ్ అయిపోతుంది. ఆంప్లిఫయర్ వేడెక్కి ఆగిపోతే చాలామంది వైరును తిడతారు.

ఇంకో మాట. చివరి హారన్ వినపడటం లేదని వాల్యూమ్ పెంచితే, దగ్గరున్న హారన్ పక్కింటివాళ్ల చెవులు పగలగొడుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ హద్దు. వైరు సరిచేస్తే ఇరుగుపొరుగుతో మాట కూడా రాదు.

పొడిగించకూడనివి ఏవి?

పైన చెప్పిందంతా ఆంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య వైరు గురించే. మైకు వైరు, సబ్‌ఊఫర్‌కు వెళ్లే ఆర్‌సీఏ పిన్ను వైరు వేరే జాతి. అందులో సిగ్నల్ చాలా బలహీనం. మామూలు వైరుతో అతికితే గుయ్‌మనే హమ్ వస్తుంది. వాటికి షీల్డ్ ఉన్న రెడీమేడ్ ఎక్స్‌టెన్షన్ వాడండి. దూరం ఎక్కువైతే మైకులకు వాడే మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ కేబుల్ సరైనది.

చివరికి ఏమైంది?

మామూ 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కొన్నారు. సోల్డరింగ్ కూలీతో కలిపి కొన్ని వందల్లో అయిపోయింది. ఎడమ వైపు 3 మీటర్లు, కుడి వైపు 7 మీటర్లు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు, తేడా చెప్పలేకపోయారు. "ఆ షాపాయన మాట వినుంటే ఒక నెల జీతం పోయేది" అన్నారు.

మసీదు దగ్గర నిచ్చెన వేసి చూస్తే, చివరి హారన్‌కు ఎవరో మిగిలిపోయిన సన్నవైరు ముక్క మెలిపెట్టి ఉంది. టేపు విప్పితే లోపలంతా పచ్చగా చిలుము. ఆ ముక్క తీసేసి లావు వైరు వేశాక మాట స్పష్టంగా వచ్చింది. కొత్త ఆంప్లిఫయర్ మాట పక్కకు పోయింది, చందా డబ్బు వుజూఖానా రిపేరుకు మిగిలింది.

కాబట్టి ఎవరైనా "కేబుల్ మార్చాలి" అంటే ముందు మూడు అడగండి: పొడవెంత, మందమెంత, జాయింట్ ఎలా ఉంది? ఈ మూడూ సరిగ్గా ఉంటే కేబుల్‌కు నిశ్చింతగా జాయింట్ వేసుకోవచ్చు. మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి, లేదా గదిలో ఒక పరదా, ఒక తివాచీ వేయండి. వాటి వల్ల వచ్చే తేడా ఎవరి చెవికైనా తెలుస్తుంది.